సంక్రాంతికి ఊరెళ్ళొచ్చా? కిడ్నీ మార్పిడి అయి మూడేళ్ళు, అమ్మ రమ్మంటోంది

మూడో_కిడ్నీ · 8 జనవరి 2022, రాత్రి 10:12

నాకు 36. 2018 నవంబరులో ట్రాన్స్‌ప్లాంట్ అయింది, కిడ్నీ ఇచ్చింది మా అమ్మ. ఉండేది హైదరాబాదులో, పని ఇంటి నుంచే. క్రియాటినిన్ (ఇది పెరిగితే కిడ్నీ దెబ్బతింటున్నట్టు) 1.3 దగ్గర కదలకుండా ఉంది. ఒళ్ళు కిడ్నీని తిప్పికొట్టకుండా ఇమ్యూనిటీని అణచే మందులు ఇవీ: పాన్‌గ్రాఫ్ (ట్యాక్రోలిమస్, మన భాషలో ట్యాక్రో) పొద్దున 1.5, రాత్రి 1. మైసెప్ట్ (మైకోఫినోలేట్) 500 రెండు పూటలా. వైసోలోన్ (స్టెరాయిడ్) 5. కోవిషీల్డ్ రెండు డోసులూ పడ్డాయి, రెండోది సెప్టెంబరులో.

ముందు కడుపుమంట చెప్పుకుంటాను. సోమవారం నుంచి ప్రికాషన్ డోసు, అంటే కరోనా టీకా మూడో డోసు, ఇస్తారట. డాక్టర్లు, నర్సులు, ఫ్రంట్‌లైన్ వాళ్ళు, 60 దాటి వేరే జబ్బులున్నవాళ్ళు. సరే, వాళ్ళకి ఇవ్వాల్సిందే. కానీ రోజుకి రెండు పూటలా మందులేసుకుని మరీ ఇమ్యూనిటీని తొక్కిపెట్టుకునే మాలాంటివాళ్ళం 60 దాటకపోతే లెక్కలోకే రాము. పోయినేడు మార్చిలోనూ ఇంతే. 20 జబ్బుల జాబితాలో కిడ్నీ మార్పిడి ఉంది, కానీ వయసు 45 దాటాలి. మే దాకా ఆగాను. అసలు నా కిడ్నీ వయసు 62. ఆ లెక్కన ఇమ్మని అడగాలనుంది.

రెండోది అసలు సంగతి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. 2020 సంక్రాంతి తర్వాత ఊరి మొహం చూడలేదు. ఈసారి అక్కావాళ్ళు బెంగళూరు నుంచి, బాబాయివాళ్ళు రాజమండ్రి నుంచి వస్తున్నారు. మొత్తం 14 మంది. రోజూ ఫోన్లే. నిన్న అమ్మ, "నువ్వు రాకపోతే మానెయ్, నా కిడ్నీని పంపించు, పండక్కి అది ఇంట్లో ఉండాలి" అంది. అప్పుడు నవ్వేశాను గానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు.

వెళ్ళొచ్చా? వెళ్ళినవాళ్ళు, మానేసినవాళ్ళు ఇద్దరూ చెప్పండి.

ఫార్మసీ_శేషు · 8 జనవరి, రాత్రి 10:20

వద్దు. పండగ ఏటా వస్తుంది.

గునుపూడి_గాలి · 8 జనవరి, రాత్రి 10:31

శేషు గారూ, పోయిన సంక్రాంతికి నేను అడిగినప్పుడూ ఇదే ముక్క అన్నారు. ఏటా వస్తుంది ఏటా వస్తుంది అంటూనే రెండేళ్ళు పోయాయి.

కాకినాడ_కాజా · 8 జనవరి, రాత్రి 10:44

ఇప్పుడు వచ్చేది ఒమిక్రానే కదా, జలుబులాంటిదే అంటున్నారు. మా ఆఫీసులో సగం మందికి వచ్చింది, మూడు రోజుల్లో లేచి తిరుగుతున్నారు. మరీ అంత టెన్షన్ ఎందుకు?

ఓరుగల్లు_పిల్ల · 8 జనవరి, రాత్రి 11:05

మీ ఆఫీసులో ఎవరైనా ట్యాక్రోలిమస్ వేసుకుంటున్నారా కాజా గారూ? వాళ్ళకి జలుబు కావచ్చు, మా నాన్నకి ఏమవుతుందో ఎవరు చెప్పగలరు?

నాన్నది 2014 ట్రాన్స్‌ప్లాంట్. సెకండ్ వేవ్‌లో మే మొదటి వారంలో పాజిటివ్. ఊపిరితిత్తులు పాడవుతున్నాయని స్టెరాయిడ్ డోసు పెంచారు. అప్పుడు పెంచక తప్పదు, అది నాకూ తెలుసు. దాంతో షుగర్ 400 దాటింది. డిశ్చార్జయిన పది రోజులకి ఎడమ చెంప మొద్దుబారినట్టుంది అన్నారు. పంటినొప్పి అనుకున్నాం. బ్లాక్ ఫంగస్. దానికిచ్చే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కిడ్నీకి పడదు. ఆ తర్వాత ఇచ్చే పోసాకొనజోల్ మాత్రలేమో ట్యాక్రో లెవెల్‌ని, అంటే రక్తంలో ఆ మందు ఎంతుందో దాన్ని, అమాంతం పెంచేస్తాయి. ముందే డోసు మూడో వంతుకి తగ్గించి, వారానికి రెండుసార్లు లెవెల్ చూసుకుంటూ వచ్చాం. ఇంజెక్షన్ కోసం మా తమ్ముడు ఎన్ని చోట్ల తిరిగాడో అడక్కండి.

ఎడమ కన్ను పోయింది. కిడ్నీ నిలిచింది.

కాకినాడ_కాజా · 8 జనవరి, రాత్రి 11:09

సారీ అక్కా. తెలియక అన్నాను.

సోంపేట_తుఫాను · 9 జనవరి, ఉదయం 6:50

ఊరెళ్ళొచ్చా అని మీరు అడుగుతున్నారు. మాకు ఊరే ఇల్లు, కాబట్టి నా అనుభవం కొంచెం వేరు. మాది ఉద్దానం. కవిటి, కంచిలి, పలాస, ఎటు చూసినా కిడ్నీ జబ్బే. మా వీధిలో డయాలసిస్ అంటే ఎవరూ తలెత్తి కూడా చూడరు, రేషన్ షాపుకి వెళ్ళొచ్చినంత మామూలు. ట్రాన్స్‌ప్లాంట్ దాకా వెళ్ళింది మాత్రం మా చుట్టుపక్కల నేనొక్కణ్ణే.

2020 ఫిబ్రవరిలో విశాఖలో ఆపరేషన్. మూడు నెలలు ఆసుపత్రి దగ్గరే గది తీసుకుని ఉండమన్నారు. నెల తిరిగేసరికి లాక్‌డౌన్. మెస్ మూసేశారు. నేను వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళొస్తున్నానని ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నాడు. అమ్మ మెట్ల మీద కూర్చుని బతిమాలితే ఒప్పుకున్నాడు గానీ, అప్పట్నుంచి మేం మెట్లు దిగేటప్పుడు వాళ్ళు తలుపులేసుకునేవాళ్ళు. ఇప్పుడు అందరూ మాస్కు, దూరం అంటున్నారు గానీ నాకు మాస్కు కరోనాకన్నా నెల ముందే వచ్చింది.

పోయినేడు మేలో నాకూ పాజిటివ్. జ్వరం లేదు, దగ్గు లేదు, ఒట్టి విరేచనాలే, రోజుకి ఎనిమిది సార్లు. ఇది కరోనా అని ఎవరనుకుంటారు? మందంతా బయటికి పోతోంది, కిడ్నీకి అందట్లేదు అనుకుని ఇంకో పాన్‌గ్రాఫ్ వేసుకోబోయాను. చేతిలో మాత్ర పట్టుకునే నెఫ్రోకి (కిడ్నీ డాక్టరుకి) ఫోన్ చేశాను. "వేశావా?" అన్నారు. "లేదండీ". "వేయకు. విరేచనాలప్పుడు ట్యాక్రో లెవెల్ తగ్గదు, పెరుగుతుంది. లెవెల్ చేయించి నాకు పంపు" అన్నారు. రిపోర్టు వచ్చింది, 19. నాకు ఉండాల్సింది 6, 7 మధ్య. డోసు తగ్గించారు, మైసెప్ట్ కొన్నాళ్ళు ఆపారు, వైసోలోన్ మాత్రం ఆపొద్దన్నారు. క్రియాటినిన్ 1.9 దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. ఆ మాత్ర ఒక్కటి మింగి ఉంటే ఎక్కడిదాకా వెళ్ళేదో.

ఫార్మసీ_శేషు · 9 జనవరి, ఉదయం 7:30

తుఫాను తమ్ముడు చెప్పింది అందరూ రాసిపెట్టుకోండి. దానికి నాదో ముక్క. లెవెల్ టెస్టుకి రక్తం ఇచ్చేది పొద్దున మాత్ర వేసుకోకముందు, రాత్రి మాత్రకి పన్నెండు గంటల తర్వాత. మాత్ర వేసుకుని వెళ్ళి రక్తం ఇచ్చొచ్చి, "లెవెల్ 20 వచ్చిందండీ" అని నా షాపుకొచ్చి ఏడ్చేవాళ్ళు నెలకి ఇద్దరైనా ఉంటారు.

ఇంకోటి, జ్వరమొస్తే పారాసెటమాల్. ఒళ్ళునొప్పులని పక్కింటాయన ఇచ్చిన డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మింగకండి. గొంతునొప్పికని క్లారిత్రోమైసిన్ రాసిచ్చే డాక్టరుంటే, నేను ట్రాన్స్‌ప్లాంట్ పేషెంటుని అని గట్టిగా చెప్పండి. అదీ లెవెల్ పెంచేదే. పంపర పనస కూడా పక్కన పెట్టండి.

గునుపూడి_గాలి · 9 జనవరి, ఉదయం 7:41

పంపర పనస కూడానా! మా పెరట్లో చెట్టు విరగ్గాసింది. సరే, కోళ్ళకి పెడతాను, అవైనా పందెంలో గెలుస్తాయి.

వేపపుల్ల · 9 జనవరి, ఉదయం 9:15

అన్నీ ఇంగ్లీషు మందుల గోలే. మొదటి వేవ్ నుంచి మా ఇంట్లో రోజూ తిప్పతీగ కషాయం, మిరియాలు, పసుపు పాలు. ఒక్కరికీ రాలేదు. సెకండ్ వేవ్‌లో ఆనందయ్య ఇచ్చిన కృష్ణపట్నం నాటుమందు తీసుకున్నాం, దానికీ ఏమీ కాలేదు. ఇమ్యూనిటీ పెంచుకోవడం ముఖ్యం, భయపడటం కాదు.

తొమ్మిదింటి_అలారం · 9 జనవరి, మధ్యాహ్నం 1:20

వేపపుల్ల గారూ, మీకు అదే మంచిదైతే తాగండి. కానీ ఇక్కడ ఇమ్యూనిటీ పెంచుకోండి అని రాయకండి. మాకు పెరగకూడనిదే అది. పెరిగితే మొదట తినేది వైరస్‌ని కాదు, కిడ్నీని.

ఇది నేను ఎక్కడా చెప్పలేదు. చెప్పాల్సిన రోజు వచ్చింది.

నాకు కిడ్నీ ఇచ్చింది మా ఆవిడ, 2016లో. నాలుగేళ్ళు క్రియాటినిన్ 1.1. 2020 జులైలో మా అపార్ట్‌మెంటులో వరసగా నాలుగు ఫ్లాట్లు పాజిటివ్. రోజంతా వాట్సాప్‌లో ఒకటే గోల, ఇమ్యూనిటీ తక్కువున్నవాళ్ళు పిట్టల్లా పోతున్నారని. నేనొక ఇంజనీరుని, లెక్కేశాను. ఇమ్యూనిటీ తగ్గిస్తున్నది ఏది? మైకోఫినోలేట్. అది ఆపితే? ట్యాక్రో ఎలాగూ ఉంది కదా. ఎవరికీ చెప్పకుండా ఆపేశాను. పైగా తిప్పతీగ కషాయం, పొద్దున పరగడుపున ఒక గ్లాసు. అయిదు వారాలు. నిజం చెప్పాలంటే ఆ అయిదు వారాలూ నాకు చాలా బాగుంది. కడుపుబ్బరం పోయింది, ఆకలేసింది. ల్యాబుకెళ్తే కరోనా అంటుకుంటుందని టెస్టులు కూడా మానేశాను.

మా ఆవిడకి ఒక అలవాటుంది. నెలాఖరున మందుల డబ్బా బల్ల మీద బోర్లించి, మిగిలినవి లెక్కపెట్టి, కొత్తవాటికి చీటీ రాస్తుంది. ఆ నెల మైకోఫినోలేట్ చీటీలో వద్దన్నాను, షాపతను ఎక్కువిచ్చాడు అన్నాను. ఏమీ అనలేదు. తర్వాత బీరువాలో నా స్వెట్టర్ల వెనక ఏడు స్ట్రిప్పులు దొరికాయి ఆమెకి. నా ముందు వరసగా పేర్చింది. అప్పటికే నా పాదాలు వాచి ఉన్నాయి, చెప్పులు పట్టట్లేదు. బీపీ 170. ఆ రాత్రే ఆసుపత్రి. క్రియాటినిన్ 3.8. బయాప్సీలో రిజెక్షన్, అంటే ఒళ్ళు ఆ కిడ్నీని పరాయిదనుకుని దాడి చేస్తోంది. మూడు రోజులు పల్స్ స్టెరాయిడ్ (బాగా పెద్ద డోసు), అది చాలక ఏటీజీ, ఇమ్యూనిటీ కణాలనే తుడిచిపెట్టే ఇంజెక్షన్. అదంతా చుట్టూ కరోనా వార్డులున్న ఆసుపత్రిలో. ఏ వైరస్‌కి భయపడి ఇమ్యూనిటీ పెంచుకోవాలనుకున్నానో, దాని మధ్యలో పడుకుని ఉన్న కాస్త ఇమ్యూనిటీనీ ఏటీజీతో కడిగేసుకున్నాను.

ఇప్పుడు 2.4. మళ్ళీ 1.1 చూడను. అదృష్టం, అప్పుడు కరోనా మాత్రం రాలేదు. మా ఆవిడ ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఓరుగల్లు_పిల్ల · 9 జనవరి, మధ్యాహ్నం 1:48

అన్నా…

వేపపుల్ల · 9 జనవరి, మధ్యాహ్నం 2:30

అయ్యో. అయినా ఒక మాట. మీ కిడ్నీ పాడైంది మందు ఆపినందుకు, కషాయం వల్ల కాదు కదా. రెండూ కలిపి కషాయం మీద తోసేస్తే ఎలా?

తొమ్మిదింటి_అలారం · 9 జనవరి, మధ్యాహ్నం 2:41

దేని వాటా ఎంతో నాకు తెలియదు, మా నెఫ్రో కూడా చెప్పలేరు. తెలియనిదాన్ని ఇంకో మనిషి ఇచ్చిన అవయవం మీద ప్రయోగం చేశాను. నా బాధ అది.

ఫార్మసీ_శేషు · 9 జనవరి, మధ్యాహ్నం 3:02

తిప్పతీగ తాగి లివర్ దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు పోయినేడే రాశారు. మామూలు మనుషుల సంగతే అది. ఇక కృష్ణపట్నం మందు అంటారా, కిలోమీటర్ల కొద్దీ జనం ఒకరి మీద ఒకరు పడి నిలబడ్డ క్యూ చూశాం కదా. అందులో మనలాంటివాడు నిలబడితే మందు చేతికొచ్చేలోపే కరోనా వస్తుంది.

డల్లాస్_లక్ష్మి · 9 జనవరి, రాత్రి 8:10

మా వారిది 2019 ట్రాన్స్‌ప్లాంట్. ఇక్కడ ఆగస్టు 13నే ట్రాన్స్‌ప్లాంట్ వాళ్ళకి మూడో డోసు వేసుకోమన్నారు, వయసుతో సంబంధం లేదు. దానికి కారణం ఉంది. జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు 658 మంది అవయవ మార్పిడి వాళ్ళని చూస్తే, రెండు డోసుల తర్వాత కూడా 54 శాతం మందిలోనే యాంటీబాడీలు కనిపించాయి. మైకోఫినోలేట్ లాంటివి వాడేవాళ్ళలో ఇంకా తక్కువ. అవి ఫైజర్, మోడెర్నా లెక్కలు, కోవిషీల్డ్‌వి కావు. కానీ "రెండు డోసులయ్యాయి కదా, ఏం కాదు" అనే మాట మనకి వర్తించదు. మూడో డోసుకి మావారికి యాంటీబాడీలు వచ్చాయి, రెంటికీ సున్నానే.

క్రిస్మస్‌కి ఆయనకి పాజిటివ్ వచ్చింది. కొత్తగా వచ్చిన కరోనా మాత్ర పాక్స్‌లోవిడ్ అడిగాం. ఇవ్వం అన్నారు. అందులో ఉండే రిటొనావిర్ వల్ల ట్యాక్రో లెవెల్ ఎన్నో రెట్లు పెరిగిపోతుందట. బదులుగా సోట్రోవిమాబ్ అనే యాంటీబాడీ ఎక్కించారు. అది దొరకడానికి కూడా తిప్పలే, మూడు ఆసుపత్రులకి ఫోన్ చేశాం. ఇప్పుడు బాగున్నారు.

గునుపూడి_గాలి · 9 జనవరి, రాత్రి 8:33

అక్కా, మీకు మూడు డోసులు, మాకు మూడో డోసు వార్తలు.

కాకినాడ_కాజా · 9 జనవరి, రాత్రి 8:50

మన దగ్గర కూడా యాంటీబాడీ కాక్‌టెయిల్ (రెండు యాంటీబాడీలు కలిపి ఇచ్చే మందు) ఉంది కదా? పోయినేడు మేలో వచ్చింది. మా మేనమామకి ఇప్పించారు, ఒక మనిషికి 59,750.

ఫార్మసీ_శేషు · 9 జనవరి, రాత్రి 9:04

డెల్టాకి పనిచేసింది. ఒమిక్రాన్ మీద పనిచేయట్లేదు అంటున్నారు. లక్ష్మి గారు చెప్పింది వేరే మందు. ఇప్పుడు ఎవరైనా కాక్‌టెయిల్ అంటే అరవై వేలు పోసే ముందు నెఫ్రోని అడగండి.

వరసలో_నేను · 10 జనవరి, ఉదయం 5:40

జీవన్‌దాన్‌లో, అంటే చనిపోయినవాళ్ళ అవయవాల కోసం సర్కారు పెట్టిన జాబితాలో, పేరుండి ఎదురుచూస్తున్నదాన్ని. వారానికి మూడుసార్లు డయాలసిస్, నాలుగేసి గంటలు. ఇప్పుడు బయల్దేరుతున్నాను, మొదటి షిఫ్టు నాది.

వెళ్ళాలా వద్దా అని ఆలోచించుకునే వీలు మీకుంది, అదే మీ అదృష్టం. ఎనిమిది మంచాల ఏసీ గదిలో ఎవరు దగ్గినా నేను లేచి వెళ్ళలేను, సూదులుంటాయి చేతికి. 2020 ఆగస్టులో నాకు జ్వరమొస్తే మా సెంటర్లో రావద్దన్నారు. పాజిటివ్ వాళ్ళకి డయాలసిస్ చేసే చోటు వెతికేసరికి మూడు రోజులైంది. చివరి రోజు వెల్లకిలా పడుకోలేకపోయాను, కుర్చీలో కూర్చునే తెల్లవారింది. రిపోర్టు చివరికి నెగెటివ్.

పైగా ఒక్కో వేవ్ వచ్చినప్పుడల్లా ఆపరేషన్లు ఆగిపోతాయి, మా వరస కదలదు. ఎవరినీ తప్పుపట్టట్లేదు. ఐసీయూలు నిండి ఉంటే కిడ్నీ ఎక్కడ పెడతారు. ఊరికే చెబుతున్నాను.

మూడో_కిడ్నీ · 10 జనవరి, రాత్రి 9:30

అందరివీ రెండేసిసార్లు చదివాను. అలారం గారిది చదివాక లేచి వెళ్ళి నా మందుల డబ్బా చూసుకున్నాను, ఎందుకో.

వరసలో_నేను గారూ, మీరన్నది నిజం. సిగ్గేసింది.

మా నెఫ్రోని అడిగాను. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. "వెళ్తే రైలొద్దు, కారులో వెళ్ళు. గది వేరే ఉండాలి. 14 మందితో కలిసి భోజనం ఒక్కపూట కూడా వద్దు. నలతగా అనిపిస్తే రెండో రోజు దాకా ఆగకుండా టెస్టు చేయించు" అన్నారు. మేడమీద గది ఉంది. అక్కావాళ్ళని వచ్చేముందు టెస్టు చేయించుకోమన్నాను. బావ నొచ్చుకున్నట్టున్నాడు. "మమ్మల్ని అనుమానిస్తున్నావా" అన్నాడు.

గునుపూడి_గాలి · 10 జనవరి, రాత్రి 9:52

బావలకి టెస్టు చేయించమంటే కట్నం వెనక్కి అడిగినట్టే ఫీలవుతారు. పట్టించుకోకు.

ఫార్మసీ_శేషు · 10 జనవరి, రాత్రి 10:01

నేను ఇప్పటికీ వద్దనే అంటాను. వెళ్తే మాత్రం పది రోజులకి సరిపడా మందులు ఎక్కువ పట్టుకెళ్ళు. పాన్‌గ్రాఫ్ పల్లెల్లో దొరకదు. సగం హ్యాండ్ బ్యాగులో, సగం భార్య దగ్గర. పల్స్ ఆక్సీమీటరు, ఇంట్లో చేసుకునే టెస్టు కిట్లు రెండో మూడో.

కాకినాడ_కాజా · 11 జనవరి, రాత్రి 7:15

వార్త చూశారా? ఏపీలో నైట్ కర్ఫ్యూ 18 నుంచి పెడతారట, పండగ అయ్యాక. కరోనాకి కూడా సంక్రాంతి సెలవులిచ్చారు.

సోంపేట_తుఫాను · 11 జనవరి, రాత్రి 7:40

కోళ్ళకి లేదు పాపం సెలవు.

మూడో_కిడ్నీ · 14 జనవరి, రాత్రి 9:25

ఊళ్ళో ఉన్నాను. పొద్దున భోగిమంట మేడమీంచే చూశాను. అమ్మ కింది నుంచి అరిసెల పళ్ళెం మెట్ల మీద పెట్టి, నాలుగు మెట్లు దిగి కూర్చుంది. నేను పై మెట్టు మీద. ఇద్దరం మాస్కులు. నా పొట్ట వైపు చూస్తూ "ఎలా ఉందిరా అది" అంది. కుడివైపు చెయ్యి పెట్టి, ఇక్కడే ఉంది, నీకన్నా బాగా పనిచేస్తోంది అన్నాను. ఇప్పుడే తొమ్మిదింటి అలారం మోగింది, మందులేసుకున్నాను.

వచ్చినందుకు బాగుంది. ఇంతే చెప్పాలనిపించింది.

మూడో_కిడ్నీ · 17 జనవరి, ఉదయం 11:10

అక్క కూతురికి నిన్న జ్వరం. కిట్‌లో రెండు గీతలు, అంటే పాజిటివే. వాళ్ళు బయల్దేరే ముందు చేయించుకున్న టెస్టులో నెగెటివే. నాకు గొంతు గరగర, 99.8. నాదీ రెండు గీతలే. ఆర్‌టీపీసీఆర్‌కి ఇచ్చాం. హైదరాబాదు బయల్దేరుతున్నాం, నడిపేది మా ఆవిడ.

శేషు గారూ, అనండి, మీ హక్కు.

ఫార్మసీ_శేషు · 17 జనవరి, ఉదయం 11:14

అనను. ఆక్సిజన్ ఎంత?

మూడో_కిడ్నీ · 17 జనవరి, ఉదయం 11:15

97. ఆరు నిమిషాలు నడిచాక 96.

తొమ్మిదింటి_అలారం · 17 జనవరి, ఉదయం 11:22

మైసెప్ట్ ఆపాలా వద్దా అనేది నెఫ్రో నోటితో చెప్పాకే. రాతపూర్వకంగా తీసుకో, ఎన్ని రోజులు ఆపాలి, ఎప్పుడు మొదలెట్టాలి అన్నది కూడా. మన బుర్ర వాడొద్దు. నా బుర్ర అసలే వద్దు.

డల్లాస్_లక్ష్మి · 17 జనవరి, మధ్యాహ్నం 12:05

హోమ్ ఐసొలేషన్ అని మీ అంతట మీరే ఉండిపోకండి. ఈ నెల కొత్తగా ఇచ్చిన నియమాల్లో కూడా, ట్రాన్స్‌ప్లాంట్ వాళ్ళు చూసే డాక్టరు సరేనంటేనే ఇంట్లో ఉండాలని ఉంది. మా చెల్లెలు హైదరాబాదు నుంచి పంపింది.

మూడో_కిడ్నీ · 18 జనవరి, రాత్రి 8:40

ఆసుపత్రికి వెళ్ళి చూపించుకుని వచ్చాను, అడ్మిట్ అక్కర్లేదన్నారు. మైసెప్ట్ వారం ఆపమన్నారు, కాగితం మీద తేదీతో సహా. పాన్‌గ్రాఫ్ అదే డోసు. వైసోలోన్ 10. కరోనాకి మోల్నుపిరావిర్ 800 రెండు పూటలా అయిదు రోజులు. దాని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదని, ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) చికిత్స జాబితాలో కూడా పెట్టలేదని ఆయనే చెప్పారు. "నీకు పాక్స్‌లోవిడ్ ఇవ్వలేను, కాక్‌టెయిల్ పనిచేయదు, నా చేతిలో ఉన్నది ఇదే" అన్నారు. ఆ మందు వాడాక మూడు నెలలు పిల్లల ఆలోచన పెట్టుకోవద్దన్నారు. ఇద్దరున్నారు చాలండీ అన్నాను. అంత నీరసంలోనూ మా ఆవిడ నవ్వింది.

సోంపేట_తుఫాను · 18 జనవరి, రాత్రి 8:55

విరేచనాలు మొదలైతే వెంటనే చెప్పన్నా. డాక్టరుకి.

మూడో_కిడ్నీ · 22 జనవరి, ఉదయం 10:00

జ్వరం పోయి మూడు రోజులు. విరేచనాల్లేవు. ఒట్టి నీరసం. బయటపడ్డట్టేనా?

ఓరుగల్లు_పిల్ల · 22 జనవరి, ఉదయం 10:30

పడ్డట్టే అనుకుందాం. కానీ మనవాళ్ళలో టెస్టు చాలా రోజులు పాజిటివ్ చూపిస్తుంది. మా నాన్నకి ఐదు వారాలు చూపించింది. దానికి కంగారుపడొద్దు. షుగర్ చూసుకోండి, వైసోలోన్ పెంచారు కదా.

వరసలో_నేను · 22 జనవరి, మధ్యాహ్నం 3:15

ఇన్ని పోస్టుల్లో ఎవరూ అడగలేదు, నేను అడుగుతాను. అమ్మగారు ఎలా ఉన్నారు? అదే ఇంట్లో ఉన్నారు కదా.

మూడో_కిడ్నీ · 22 జనవరి, మధ్యాహ్నం 3:40

అమ్మకీ పాజిటివ్, 18న తెలిసింది. జ్వరం రెండు రోజులే. బానే ఉంది, కింద గదిలో ఉంది. రెండో డోసు మేలో, ప్రికాషన్ డోసుకి ఇంకా తొమ్మిది నెలలు నిండలేదు.

వరసలో_నేను · 22 జనవరి, మధ్యాహ్నం 3:52

ఆవిడకున్నదీ ఒక్క కిడ్నీయే. క్రియాటినిన్ ఎంత?

మూడో_కిడ్నీ · 22 జనవరి, సాయంత్రం 6:20

రెండున్నర గంటలుగా దీనికి ఏం రాయాలో తెలియక కూర్చున్నాను. నాకు తెలియదండీ. ఆపరేషన్ అయ్యాక ఆరు నెలలకి ఒకసారి చూపించాం. తర్వాత నా టెస్టులు, నా లెవెల్స్, నా మందులు. అమ్మ ఎప్పుడూ "నాకేం, దుక్కలా ఉన్నాను" అంటుంది.

తొమ్మిదింటి_అలారం · 22 జనవరి, సాయంత్రం 6:45

మా ఆవిడదీ నాకు గుర్తులేదు. ఇప్పుడే అడిగాను. "2019లో చేయించాను, నీకు చెప్పాను కూడా" అంది.

డల్లాస్_లక్ష్మి · 22 జనవరి, రాత్రి 7:30

డోనర్లకి ఏడాదికొకసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. ఇక్కడైతే రెండేళ్ళ దాకా ఆసుపత్రి వాళ్ళే ఫోన్ చేసి పిలుస్తారు. ఆ తర్వాత ఇక్కడా మనమే.

మూడో_కిడ్నీ · 29 జనవరి, రాత్రి 9:20

నా క్రియాటినిన్ 1.4. మైసెప్ట్ చెప్పిన తేదీకి మళ్ళీ మొదలెట్టాను. పాన్‌గ్రాఫ్ లెవెల్ 6.8.

అమ్మని బాబాయి భీమవరం తీసుకెళ్ళి టెస్టులు చేయించాడు. క్రియాటినిన్ 1.1, ప్రొటీన్ లేదు. బీపీ మాత్రం 160/95. ఎన్నాళ్ళ నుంచి ఉందో ఎవరికీ తెలియదు. మందు రాశారు, రోజుకొకటి. ఎన్నింటికి వేసుకుంటావమ్మా అంటే, "నీకు మోగినప్పుడు నాక్కూడా ఫోన్ చెయ్, వేసుకుంటాను" అంది.

ఇప్పుడే చేశాను. ఎత్తలేదు. సీరియల్ వస్తున్నట్టుంది. మళ్ళీ చేస్తాను.

గునుపూడి_గాలి · 29 జనవరి, రాత్రి 9:34

బ్రేక్‌లో చెయ్.